ముళ్ళకంప వెనక తిరిగిన ఫ్యాను

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పాక, కాలు ఎక్కడ పెట్టాలో తెలీక గుమ్మంలోనే కొంగల్లా నిలబడిపోతారు. హాల్లో బొగ్గుల ఇస్త్రీపెట్టెలు, పొట్ట విప్పిన రేడియోలు, మూతి ఊడిన మిక్సీలు, మెడ వాల్చేసిన ఫ్యాన్లు. పాత సామాను తెచ్చి బాగుచేయడం నా సరదా. మా ఆయన మాత్రం వచ్చినవాళ్ళకి, "ఇది ఇల్లు కాదండీ, సామాన్ల ఆసుపత్రి. ఆవిడ పెద్ద డాక్టరు, నేను వార్డుబాయ్‌ని" అని పరిచయం చేసుకుంటాడు. అది పచ్చి అబద్ధం. వార్డుబాయ్‌లు పని చేస్తారు.

మొన్న నూజివీడులో పాత ఇనప సామాన్ల కొట్లో ఒక టేబుల్ ఫ్యాను దొరికింది. నల్లటి ఇనుము, ఇత్తడి రెక్కలు. బరువు దూడంత. ఆటోవాడు దాన్ని ఎత్తబోయి, నడుం పట్టుకుని, "ఏంటండీ, లోపల మనిషిగానీ ఉన్నాడా?" అన్నాడు. ఇంటికొచ్చి తుడిచి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. తిరగలేదు. మూలిగింది. కాసేపటికి దాని వీపులోంచి సన్నగా ఒక వాసన బయల్దేరింది. వేడెక్కిన వార్నిషు, పాత దుమ్ము, గడ్డకట్టిన నూనె కలిసిన వాసన.

"ఏదో మాడుతున్నట్టుందే!" అని అరిచాడు మా ఆయన పక్క గదిలోంచి.

"మాడేది ఇక్కడ కాదు" అన్నాను.

ఆయన వంటింట్లోకి పరిగెత్తాడు. నేను స్విచ్చి కట్టేసి అక్కడే కూచుండిపోయాను. ఆ వాసన ఒకప్పుడు ఒక ఎండాకాలంలో, మామిడి తోట మీదుగా వచ్చింది. అప్పుడు మేమెవ్వరం దాన్ని గుర్తుపట్టలేదు.

మా అమ్మమ్మగారి ఊరు నూజివీడు దాటి రెడ్డిగూడెం వెళ్ళే దారిలో ఉండేది. ఊళ్ళో తోటలు కాదు, తోటల్లో ఊరు. తాతయ్యకి అంత మామిడి తోట ఉన్నా, ఆ కాయల మీద ఆయనకి బొత్తిగా గౌరవం లేదు. కాయ దానంతటదే కాస్తుంది, దానంతటదే పండుతుంది, అందులో మనం చేసేదేముంది అనేవాడు. ఆయన మనసంతా తుప్పు మీద ఉండేది. చింతలపూడి సంతకి ఎడ్లు కొనడానికని వెళ్ళి, మూగబోయిన రేడియోని తుండుగుడ్డలో చుట్టుకుని పసిపిల్లాడిలా ఎత్తుకొచ్చిన మనిషి.

ఆయన బాగుచేసిన ఇస్త్రీపెట్టెకి ఒక గొప్పదనం ఉండేది. చొక్కా చల్లగా ఉండేది, పట్టుకున్నవాళ్ళు వేడెక్కేవాళ్ళు. రేడియో వీపు మీద ఒకటి చరిస్తే వార్తలు చెప్పేది. పాటలు కావాలంటే ఇంకా గట్టిగా చరవాలి. మిక్సీ వేశారంటే కొబ్బరిచట్నీ వాసాల దాకా ఎగిరేది. మా ఇంటి బల్లులంత బలిసిన బల్లులు కృష్ణా జిల్లాలో ఇంకెక్కడా ఉండేవి కావు. ఇక ఫ్యూజు పోవడమన్న మాటే మాకు తెలీదు. సన్నతీగ ఉండాల్సిన చోట తాతయ్య రాట్నం తాడంత రాగితీగ బిగించాడు. ఊరవతల ట్రాన్స్‌ఫార్మరు పేలొచ్చు గానీ మా ఫ్యూజు మాత్రం చెక్కుచెదరదు.

"మీ తాత బాగుచేసినవన్నీ బాగానే ఉన్నాయే. వాటిని వాడి వాడి నేనే ఇలా అయిపోయాను" అనేది అమ్మమ్మ, చెంగుతో చట్నీ తుడుచుకుంటూ.

ఆ సామాన్లన్నిట్లో ఆవిడ తనదని ఒప్పుకున్నది ఒక్కటే. నల్లటి ఇనప టేబుల్ ఫ్యాను. నడింటి గదిలో ఆవిడ మంచం పక్కన, ఎత్తుపీట మీద ఉండేది. అటు గోడ నుంచి ఇటు కిటికీ దాకా మెడ తిప్పేది. అటు కొసకి వెళ్ళినప్పుడు 'కీచ్' మనేది, ఇటు కొసకి వచ్చినప్పుడు 'టక్' మనేది. ఈ రెంటి మధ్యా అమ్మమ్మ మధ్యాహ్నం నిద్రంతా సాగేది. తాతయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని ఆ గదిలోకి అడుగు పెడితే చాలు, కళ్ళు మూసుకునే అనేది: "దాని జోలికి వచ్చారంటే ఊరుకోను. ఆ చప్పుడుంటేనే నాకు నిద్ర. చప్పుడు లేని గాలి దొంగగాలి."

"బాగుచేస్తానంటున్నానుగా."

"అదేగా నా భయం."

నాకప్పుడు పన్నెండేళ్ళో ఏమో. వేసవి సెలవులు. బంగినపల్లి కోత మొదలై, రసాలు ఇంకా చెట్టు మీద ఉన్న రోజులు. ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. అమ్మమ్మ మజ్జిగన్నం తిని, వక్కపొడి వేసుకుని, ఫ్యాను స్విచ్చి వేసి, కరెంటు వస్తే అదే తిరుగుతుందిలే అని మంచమెక్కింది. కరెంటు రాలేదు. అమ్మమ్మ లేవలేదు. అత్తయ్య టీ పట్టుకెళ్ళి లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది. ఆ ఎండాకాలంలో ఆ ఇంట్లో చల్లగా ఉన్నది అదొక్కటేనని అత్తయ్య తర్వాత చాన్నాళ్ళు చెప్పుకుని ఏడ్చేది.

పంతులుగారు పంచాంగం తిప్పి, వేళ్ళు మడిచి, తల పంకించారు. "నక్షత్రం మంచిది కాదండీ. ధనిష్ఠా పంచకం. ఇల్లు విడిచిపెట్టాలి. ఆరు నెలలు."

ఆ నక్షత్రాల్లో మనిషి పోతే, పోయినవాళ్ళు వెంటనే పోరని మా వైపు నమ్మకం. వెళ్ళలేక ఆ ఇంట్లోనే తచ్చాడుతూ ఉంటారు. అందుకని బతికున్నవాళ్ళు ఆ గడువు దాకా ఇల్లు వాళ్ళకి వదిలేసి, తలుపులు మూసి, గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప వేసి వెళ్ళిపోతారు. లోపల అడుగు పెట్టకూడదు. పోయిన గదిలో సామాను కదపకూడదు.

దహనం కాగానే మేమూ అలాగే చేశాం. వంటసామాను, బియ్యం, పరుపులు బండెక్కాయి. గుమ్మానికి మావయ్య రేగుకంప అడ్డం వేశాడు. ఈ హడావిడంతా జరుగుతున్నంతసేపూ కరెంటు లేదు. బండి తోట వైపు కదిలింది. నేను పరుపుల మీద, అందరికంటే ఎత్తులో, మహారాణిలా కూచున్నాను. బండి మలుపు తిరగబోతుండగా తాళం వేసిన ఇంట్లోంచి వినపడింది.

కీచ్. కాసేపాగి, టక్.

ఎడ్లు ఆగిపోయాయి. వాటిని ఎవరూ ఆపలేదు. అత్తయ్య నల్లపూసల గొలుసు గట్టిగా పట్టుకుంది. తాతయ్య బండి దిగి, వెనక్కి నాలుగడుగులు వేసి, చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"కరెంటొచ్చింది నాన్నా" అన్నాడు మావయ్య. "స్విచ్చి కట్టేయడం మర్చిపోయాం. అంతే."

"అంతే" అన్నాడు తాతయ్య.

"మీటరు బయట వసారాలోనే ఉందిగా. ఫ్యూజు పీకేసి వస్తానుండు."

"వద్దు."

"వద్దంటే? అలా ఆరు నెలలు తిరుగుద్దా?"

"తిరగనీ. మీ అమ్మకి ఉక్కపోత పడదు."

తాతయ్య బండెక్కి కూచున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకి ఒకటే పట్టుదల. ముళ్ళకంప తీసే రోజు దాకా ఆ ఫ్యాను ఆగకూడదు.

తోటలో తాటాకు పాక మా ఇల్లయింది. ఇప్పుడు తల్చుకుంటే, ఏడుపూ తిండీ ఒకే విస్తట్లో వడ్డించిన కాలం అది. పాకలో సగం వరిగడ్డి, ఆ గడ్డి కింద పండుతున్న కాయలు. రాత్రి పడుకుంటే వీపు కింద వెచ్చగా మగ్గుతున్న వాసన. కోతలో కారిన జీడి తగిలి నా మూతి చుట్టూ కాలిన మచ్చలు. అవి చూసి కాయ దొంగ ఎవరో ఎవరైనా చెప్పేసేవాళ్ళు. ఏటిసూతకమని ఆ యేడు మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. అయ్యో పాపమని ఊళ్ళోవాళ్ళంతా తలో జాడీ పంపించారు. పాకలో మనుషులకంటే జాడీలే ఎక్కువయ్యాయి. రోజుకో ఇంటి ఆవకాయ తిని, ఎవరింట్లో ఉప్పు ఎక్కువో, ఎవరింట్లో నూనెకి చెయ్యి రాదో అత్తయ్య తీర్పులు చెప్పేది. ఏడుస్తూనే చెప్పేది.

ఇంతలో ఊళ్ళో మా ఇంటి పేరు మారుమోగిపోయింది. ఇంటి వెనక దొడ్లో చిన్నరసాల చెట్లున్నాయి. వాటి కాయ కోతకొచ్చింది. కోతకి వచ్చే ఆడవాళ్ళకి పెద్దగా ఉండే ఒక ముసలమ్మ, చిక్కం కర్ర భుజాన వేసుకుని పాక ముందుకొచ్చి నిలబడింది. చిక్కమంటే పొడుగాటి వెదురుకి కట్టిన వల సంచి. కాయ కిందపడి పగలకుండా దాంతోనే కోస్తారు.

"బాబుగారండీ, ఆ ఇంటెనక చెట్లు మేం కొయ్యలేమండీ."

"ఏం, చెట్లు కరుస్తాయా?" అన్నాడు మావయ్య.

"అమ్మగారు లోపలున్నారండీ. మజ్జిగన్నం తిని పడుకునే వేళండీ అది. గాలి వేసుకుంటున్నారండీ. మేం చెట్లెక్కి అరుచుకుంటా ఉంటే ఆవిడ నిద్ర చెడదా అండీ?"

"అది ఫ్యానే తల్లీ. కరెంటుకి తిరుగుతోంది."

"కరెంటుకే తిరుగుద్దిలెండి. ఎవరి కోసం తిరుగుద్దండీ?"

ముసలమ్మ చిక్కం కర్ర అక్కడే గుంజకి ఆనించి వెళ్ళిపోయింది.

ఈ మంటకి నేనూ కాస్త కిరసనాయిలు పోశానని చెప్పక తప్పదు. కోతకొచ్చేవాళ్ళ పిల్లల్ని పోగేసి, అమ్మమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి వక్కపొడి అడిగిందని కథ చెప్పేదాన్ని. మొదట్లో చెయ్యి మామూలుగానే ఉండేది. వారం తిరిగేసరికి అది పెరిగి పెరిగి బావి దాకా వచ్చింది. ఒక కథకి ఒక తాటి ముంజ. ముంజలు బాగానే వచ్చాయి. ఒక్కటే చిక్కు, నా కథకి అందరికంటే ఎక్కువ నేనే భయపడేదాన్ని.

దొడ్లో కాయ రాలడం మొదలైంది. రాలిన కాయ ఎత్తేవాళ్ళు లేరు. మధ్యాహ్నం ఎండకి రసాలు నేల మీదే చితికి, పులిసి, ఇంటి చుట్టూ కల్లులాంటి తీపి కంపు కమ్ముకుంది. ఈగలు ముసిరే చప్పుడు దూరానికి మంత్రాలు చదువుతున్నట్టుండేది.

"కాయంతా నేలపాలవుతోంది నాన్నా. ఒక్క ఫ్యూజు పీకితే పోయేదానికి!"

"రాలనీ."

"ఊరంతా నవ్వుతోంది."

"భయపడుతోంది అన్నావు నిన్న. ఇవాళ నవ్వుతోంది అంటున్నావు. ఏదో ఒకటి తేల్చుకుని చెప్పు."

రోజూ అన్నాలయ్యాక తాతయ్య తుండుగుడ్డ తలకి చుట్టుకుని ఇంటి దగ్గరికి బయల్దేరేవాడు. నేను వెంటపడేదాన్ని. భయం లేక కాదు, పాకలో పడుకోమంటారని. ముళ్ళకంప పక్కనుంచి చుట్టు తిరిగి, నడింటి గది కిటికీ కింద ఉన్న చాకిరేవు బండ మీద ఇద్దరం కూచునేవాళ్ళం. ఆ వేళకి ఆ దొడ్లో కాకి కూడా అరిచేది కాదు. చెట్ల నీడలు చెట్ల కిందే ముడుచుకుని ఉండేవి. కిటికీ రెక్కకి ఒక పక్క చెక్క పుచ్చిపోయి, వేలు పట్టేంత సందు ఉండేది. లోపల ఫ్యాను కీచ్ మన్నప్పుడు ఏమీ ఉండేది కాదు. టక్ మనగానే ఆ సందులోంచి ఒక గాలి పొర వచ్చి మొహానికి తగిలేది. కుంకుడుకాయ, కొబ్బరినూనె, వక్కపొడి. ఆ వెంటనే ఆగిపోయేది. మళ్ళీ కీచ్. మళ్ళీ వచ్చేది. ఇల్లు ఊపిరి తీస్తున్నట్టు ఉండేది.

తాతయ్య కళ్ళు మూసుకుని వినేవాడు. ఒకోసారి నిద్రపోయేవాడు కూడా. నలభై ఏళ్ళు ఆ చప్పుడుని తిట్టిన మనిషి.

కొన్నాళ్ళకి ఆ కీచు మారింది. పొడుగ్గా, పళ్ళు జివ్వుమనేలా, పిల్లి పీక నొక్కినట్టు. మధ్యమధ్య కాసేపు ఆగి, ఎవరో బతిమాలితే కదిలినట్టు కదిలేది. తాతయ్య మొహం నల్లబడింది.

"బుష్షు ఎండిపోయిందే. నూనె లేక ఇనుం ఇనుముని తింటోంది. ఇలాగే వదిలేస్తే పట్టేస్తుంది."

"పట్టేస్తే?"

"ఆగిపోతుంది."

ఆయన ఆ మాట ఫ్యాను గురించి అన్నట్టు అనలేదు.

ఆ సాయంత్రమే పంతులుగారి ఇంటికి వెళ్ళాం. ఆయన అరుగు మీద కూచుని మామిడితాండ్ర చీల్చుకుంటున్నారు.

"లోపలికి వెళ్ళి రెండు చుక్కల నూనె పోసి వస్తానండి. ఒక్క నిమిషం" అన్నాడు తాతయ్య.

"అడుగు పెట్టకూడదండీ."

"పోనీ కిటికీ బయట నిలబడి పొయ్యొచ్చా?"

పంతులుగారు తాండ్ర నమలడం ఆపి చాలాసేపు ఆలోచించారు. "శాస్త్రంలో ఫ్యాను ప్రస్తావన లేదండీ. మనిషి అడుగు పెట్టకూడదన్నారు. నూనెచుక్క పెట్టకూడదని నేనెక్కడా చదవలేదు."

మర్నాడు మధ్యాహ్నం, గుంజకి ఆనించిన చిక్కం కర్ర తీసుకుని, వల విప్పేసి, కుట్టుమిషను నూనెడబ్బా దాని కొసకి కట్టాడు తాతయ్య. డబ్బా అడుగు నొక్కడానికి ఒక కొబ్బరిపుల్ల, దాన్ని లాగడానికి ఒక పురికొస. లంకకి కట్టిన వంతెనకి కూడా ఇంత ఏర్పాటు జరిగి ఉండదు. కిటికీ రెక్క కొంచెం లాగి, నన్ను బోర్లించిన కాయల గంప మీద నిలబెట్టాడు. నా పని చూసి చెప్పడం.

బయటి ఎండలోంచి లోపలికి చూస్తే ముందు ఏమీ కనపడలేదు. నల్లటి బావి. మెల్లగా మంచం కోళ్ళు తేలాయి. ఖాళీ నవారు మంచం. దాని పక్కన, ఎత్తుపీట మీద ఒక గుండ్రటి తల నెమ్మదిగా అటు తిరుగుతోంది.

"కనిపిస్తోందా?"

"ఊ."

"ఏం చేస్తోంది?"

"మంచం వైపు చూస్తోంది."

తాతయ్య కర్ర లోపలికి పోనిచ్చాడు. "చెప్పు."

"కుడికి. ఇంకా. పైకి. అమ్మో, తల తిప్పేసుకుంది తాతయ్యా!"

డబ్బా దగ్గరికి వెళ్ళినప్పుడల్లా, మందు వద్దనే పిల్లలా అది మెడ తిప్పేసుకునేది. మేం ఆగితే తిరిగి వచ్చేది. వెదురు కొస లోపల చీకట్లో ఊగుతోంది. ఉన్నట్టుండి ఆ తల నా వైపుకి తిరిగి ఆగింది. మంచం వైపు పోలేదు. గోడ వైపు పోలేదు. నన్నే చూస్తోంది.

"ఇప్పుడు! ఇప్పుడు తాతయ్యా!"

ఆయన పురికొస లాగాడు. చీకట్లో ఒక నూనెచుక్క తళుక్కుమని జారింది. దాని వెనకే ఇంకోటి. ఒక్క కీచుమన్న కేక, నా గుండె గంపలో పడేంత కేక, అంతే. చప్పుడు ఆగిపోయింది.

"తాగింది!" అన్నాడు తాతయ్య. కర్ర లాగేసి, కిటికీ రెక్క మూసేసి, నన్ను గంప మీంచి దించి ముద్దు పెట్టుకున్నాడు. "చూశావా, నూనె పడగానే ఎలా నోరు మూసుకుందో!"

ఇద్దరం బండ మీద కూచున్నాం. ఈగల చప్పుడు తప్ప ఇంకేం లేదు. కాసేపటికి నాకు తట్టింది.

"ఇక వినపడదుగా తాతయ్యా."

ఆయన మొహంలో సంబరం మెల్లగా జారిపోయింది. దాన్ని కాపాడాలన్న ధ్యాసలో, కాపాడితే ఆ చప్పుడు ఉండదన్న సంగతే ఆయనకి తోచలేదు. ఫ్యాను ఉంది, కానీ ఆయన రోజూ వినడానికి వచ్చేది పోయింది. తర్వాత లేచి, కిటికీ సందు దగ్గర అరచెయ్యి పెట్టాడు.

"ఇలా రా."

నా చెయ్యి కూడా పెట్టాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత వచ్చింది. మెత్తగా, చల్లగా, అరచేతిని తాకి వెళ్ళిపోయింది. ఆగింది. మళ్ళీ వచ్చింది.

"తిరుగుతోంది" అన్నాడు తాతయ్య. "మెత్తగా తిరుగుతోంది. అంతే."

తోటకి తిరిగి వెళ్తుంటే ఏదో కాలుతున్న వాసన వేసింది. వార్నిషులాంటిది. పాక దగ్గర మావయ్య కర్రకి కట్టిన నూనెడబ్బా చూసి నవ్వి, ముక్కు ఎగబీల్చి, "ఎవడో ఎండుటాకులతోపాటు టైరు కూడా తగలేస్తున్నట్టున్నాడు" అన్నాడు.

ఇంట్లోంచి చప్పుడు రావట్లేదని తెలిసి రెండ్రోజుల్లో కోతవాళ్ళు తిరిగొచ్చారు. మిగిలిన రసాలు కోసేశారు. ముసలమ్మ, "అమ్మగారు ఎల్లిపోయినట్టున్నారండీ" అని దణ్ణం పెట్టుకుంది. మావయ్య, "అదే ఆగింది, పీడా పోయింది" అన్నాడు. తాతయ్య నా వైపు చూశాడు. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను దాచిన రహస్యం అదొక్కటే. మిగతావన్నీ అమ్ముకున్నాను. తర్వాత కూడా రోజూ వెళ్ళేవాళ్ళం. చెయ్యి పెట్టేవాళ్ళం. వచ్చేది, ఆగేది, వచ్చేది.

సెలవులైపోయి నేను మా ఊరు వెళ్ళిపోయాను. కార్తీకంలో ఇల్లు తెరుస్తున్నారంటే అమ్మతో కలిసి మళ్ళీ వచ్చాను. బస్సు దిగగానే తాతయ్య చెవిలో అడిగాను.

"ఇంకా తిరుగుతోందా?"

"నిన్న కూడా."

మావయ్య ముళ్ళకంప తీసి అవతల పారేశాడు. పంతులుగారు శాంతి చేయించి, ముందు ఆవుని పంపమన్నారు. ఆవు గుమ్మం దాటి, వసారా దాటి, నడింటి గది గడప దగ్గర ఆగిపోయింది. మావయ్య తోక మెలిపెట్టినా కదల్లేదు. భయపడినట్టూ లేదు. మెడ చాచి, కళ్ళు అరమూసి, చెట్టునీడన నిలబడ్డట్టు హాయిగా నిలబడింది. దాని చెవుల మీది వెంట్రుకలు అల్లాడాయి, ఆగాయి, మళ్ళీ అల్లాడాయి. అది నేను చూశాను. ఇంకెవరైనా చూశారో లేదో తెలీదు. పంతులుగారు మాత్రం మంత్రం మధ్యలో ఒకచోట ఆగి, మళ్ళీ మొదట్నుంచి అందుకున్నారు.

ఆవుని తప్పించి మేం లోపలికి వెళ్ళాం. మావయ్య కిటికీ బార్లా తెరిచాడు.

ఫ్యాను తిరగడం లేదు. తిరిగే వీలే లేదు. ముందున్న ఊచలకీ రెక్కలకీ కలిపి కందిరీగ మట్టిగూడు కట్టింది. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి, పిడకలు చరిచినట్టు. ఎండి రాయిలా అయిపోయాయి. వాటికి చిల్లులున్నాయి. పిల్లపురుగులు పెరిగి, తొలుచుకుని, ఎప్పుడో ఎగిరిపోయాయి. నేల మీద, ఎత్తుపీట ముందు, దుమ్ము పట్టిన నల్లటి మరక. మేం పోసిన నూనె. ఫ్యాను మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

మావయ్య వంగి ఫ్యాను వీపు దగ్గర వాసన చూశాడు. వేలు పెట్టి రుద్దితే మసి వచ్చింది. "నాన్నా" అన్నాడు, మెత్తగా. "ఇది నువ్వు నూనె పోసిన రోజే పట్టేసింది. కాయిలు మాడిపోయింది. ఆ రోజు మనకొచ్చిన వాసన దీనిదే. అందుకే చప్పుడు ఆగింది."

అందరూ తాతయ్య వైపు తిరిగారు. అన్ని నెలలూ చచ్చిపోయిన ఫ్యాను ముందు ఎండలో కూచున్న ముసలాయన అన్న జాలి అందరి కళ్ళల్లోనూ ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"కాదు! గాలొచ్చింది. నా చేతికి తగిలింది!"

"సందులోంచి బయటి గాలే అమ్మా" అంది అత్తయ్య.

తాతయ్య గోడ దగ్గరికి నడిచి, స్విచ్చి మీద చెయ్యి వేశాడు. ఆ స్విచ్చి అమ్మమ్మ వేసినట్టే ఉంది. దాన్ని కట్టేసి, మంచం వైపు చూడకుండానే, రోజూ మాట్లాడే గొంతుతో అన్నాడు.

"ఇక చాల్లేవే. వచ్చేశాంగా. పడుకో."

గది ఒక్కసారిగా ఉక్కబోసింది. కార్తీక మాసం పొద్దుట, కిటికీ బార్లా తెరిచి ఉంది. అయినా పంతులుగారు కండువాతో మెడ తుడుచుకున్నారు. అత్తయ్య చెంగుతో విసురుకోవడం మొదలుపెట్టి, విసురుకుంటున్నానని గమనించుకుని, చెయ్యి అలాగే గాల్లో ఆపేసింది. మావయ్య చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అప్పటిదాకా ఆ గదిలో చల్లగా ఉందని, చల్లదనం పోయాకే మాకు తెలిసింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. దొడ్లో రసాల చెట్లూ లేవు. అక్కడ ఎవరివో ప్లాట్లు, రంగు వేసిన రాళ్ళు. ఇల్లు విడిచిపెట్టి వెళ్ళడానికి తోటలో పాకలున్నవాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు. అద్దె ఫ్లాటులో నక్షత్రం చూస్తే పక్క ఫ్లాటువాళ్ళు ఊరుకుంటారా? నేను ఇన్నేళ్ళుగా ఎన్నో పాత ఫ్యాన్లు విప్పాను. పెంకుటింట్లో ఎండకి పైన గాలి వేడెక్కి లేస్తే, సందుల్లోంచి గాలి కదులుతుందని నాకు తెలుసు. చాలా ఇళ్ళల్లో, ఎండవేళ, కిటికీ సందుల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. మా ఆయన పరువు తీస్తున్నానని గొడవ కూడా చేశాడు. గాలి వస్తుంది. నిజమే. కానీ ఆగి ఆగి, అటు చూసి ఇటు తిరిగినట్టు ఎక్కడా రాలేదు.

తాతయ్య ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఉన్నాడు. సంతలో దొరికిన తుప్పంతా బాగుచేశాడు. ఆ ఫ్యాను జోలికి మాత్రం పోలేదు. మట్టిగూళ్ళతో సహా అది ఆ ఎత్తుపీట మీదే ఉండేది. నేను కాలేజీలో ఉండగా ఒక మధ్యాహ్నం, కరెంటు లేక ఇద్దరం వసారాలో కూచుని ఉంటే, ఏళ్ళ తరబడి కడుపులో ఉన్నది అడిగేశాను.

"తాతయ్యా, కరెంటు లేని మధ్యాహ్నాలు కూడా ఆ గాలి వచ్చేది కదా?"

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"వచ్చేది."

"అంటే అది ఫ్యాను కాదని నీకు అప్పుడే తెలుసా?"

"ఈ ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో నాకంటే ఎవరికి తెలుసే?"

"మరి మావయ్యకి చెప్పలేదేం?"

తాతయ్య స్క్రూ బిగించడం పూర్తిచేసి, దాని మీద దుమ్ము ఊదాడు.

"చెబితే పంతులుగారి చేత ఆపించేవాడు."